పగిలిన గొంతుతో వచ్చిన మానిటర్

అది రెండువేల ఎనిమిదో సంవత్సరం. దసరా వెళ్ళింది, దీపావళి ఇంకా రాలేదు. యాకుత్‌పురా స్టేషన్ వెనక గల్లీలో మా ఇంటి ముందు గదే మా దుకాణం. దానికి బోర్డు లేదు. బోర్డుకు పెట్టే పైసలతో బోలెడు జిగురు వస్తుంది, అవసరమున్నవాడు అడుగుతూ వస్తాడు అని మా ఆయన అనేవాడు. ఆయన పోయాక కూడా నేను ఆ మాట మీదే ఉన్నాను.

స్పీకర్లకు కోన్ వేయడం మా పని. కోన్ అంటే స్పీకర్‌లో గరాటులా కనిపించే కాగితం. దాని వెనక సన్నటి రాగి తీగ చుట్ట ఉంటుంది, దాన్ని వాయిస్ కాయిల్ అంటారు. అయస్కాంతం నడుమ ఉన్న వెంట్రుకంత సందులో ఆ చుట్ట ముందుకూ వెనక్కూ ఆడుతుంది. అది ఆడితే కాగితం ఊగుతుంది, కాగితం ఊగితే గాలి ఊగుతుంది. పెళ్ళి బ్యాండూ, అజానూ, మండపంలో హారతీ అన్నీ ఆ కాగితం ఊగితే వచ్చేవే. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా. ఈ చదువు మాత్రం మా ఆయన పక్కన కూర్చుని వేళ్ళతో చదివాను.

మధ్యాహ్నం దాటాక మా గదిలో ఒక వెలుతురు ఉంటుంది. ఎదురింటి రేకుల మీద పడిన ఎండ జారి లోపలికి వస్తుంది. జిగురు ఆరడానికి దండెం మీద కట్టిన కోన్లు ఆ వెలుతురులో పూలలాగా వేలాడుతుంటాయి. ఫలక్‌నుమా నుంచి రైలుబండి వచ్చినప్పుడు మనకు చప్పుడు వినబడకముందే అవి వణుకుతాయి. ఎన్ని ఏళ్ళు చూసినా నాకు అది వింతగానే ఉండేది. మనిషి చెవికంటే ముందు కాగితానికి తెలుస్తుంది.

అలాంటి వేళలోనే ఆ ఆటో వచ్చి ఆగింది. డ్రైవర్ దుప్పటి చుట్టిన ఒక మానిటర్‌ను గడపలోకి అందించి, "ఖాలా, జర సంభాల్‌కే. శీషా హై" అని, అద్దం ఉంది పైలం అన్నట్టు చెప్పాడు. వెనకాల ఒక అమ్మాయి ల్యాప్‌టాప్ సంచిని చంటిబిడ్డలా ఎత్తుకుని నిలబడింది. పేరు రత్నమాల. ఉస్మాన్‌గంజ్‌లో తరాలుగా బెల్లం, ఎండుమిర్చి టోకు వ్యాపారం చేస్తున్న ఇంటి కోడలు. కింద దుకాణం, పైన కాపురం.

"స్పీకర్లు మంచిగ చేసే అవ్వ నువ్వేనా?"

"నేనే. చెప్పులు అవతల విడిచి రా. ఏంది సంగతి?"

"గొంతు పగిలినట్టు వస్తున్నదవ్వా. కంప్యూటర్ దుకాణంల చూపిస్తే సాఫ్ట్‌వేర్ మళ్ళ ఏసిండ్రు. గట్లనే ఉన్నది. కొత్తది కొనుక్కో అన్నరు."

"కొత్తది కొనుడు అందరికీ వస్తది. పాతదానికి ఏమైందో చెప్పమను."

అమ్మాయి తన పని చెప్పింది. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, ఏం చూశారో నోటితో చెప్పి రికార్డు చేస్తారట. ఆ రికార్డు ఇక్కడికి వస్తుంది. ఈమె విని టైపు చేసి పంపాలి. దాన్ని మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటారని చెప్పింది. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది. మాట సరిగా వినబడకపోతే ఊహించి రాయకూడదు, అక్కడ ఖాళీ వదలాలి. అవతల రోగి ప్రాణం ఉంది కదా. నాకు ఆ కట్టుబాటు నచ్చింది.

"పండుగ నుంచి నేను పంపేటియన్నీ ఖాళీలే. ఈ వారం కూడ గిట్లనే ఉంటే ఇగ పని ఇయ్యమన్నరవ్వా. ఈ పని దొరకవట్టడానికి నేను ఎంత కొట్లాడిన్నో నీకు తెల్వది."

"చెవులకు పెట్టుకునేటివి ఉంటయి కద?"

"ఉన్నయి. మా అత్తమ్మ పెట్టుకోనియ్యది. చెవులు మూసుకుంటే ఇంట్ల మనిషి ఉన్నా లేనట్టే అంటది. పని చేసుకో గని పిలిస్తే పలకాలె, గదీ షరతు. ల్యాప్‌టాప్ స్పీకర్లేమో దోమ గొంతు. కింద హమాలీల లొల్లిల ఏం వినబడది. అందుకే ఈ మానిటర్ తీసుకున్న, దీంట్లనే స్పీకర్లున్నయని."

గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. "సద్దుల బతుకమ్మకు ఫలక్‌నుమాల మా అమ్మగారింటికి పోయిన. పోయేటప్పుడు మంచిగున్నది. దసరా అయినంక వస్తే గిట్లున్నది. మా అత్తమ్మనే ఏదో చేసింది. ఈ పని ఆమెకు మొదటి నుంచి ఇష్టం లేదు."

"చూసినవా?"

"చూడలే. గని ఇంకెవరు చేస్తరు?"

"మిషన్ విప్పకముందే మనిషిని పట్టుకుంటవా? తీగలు ఇటియ్యి."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. ధ్వని ఒక చోట పుట్టి, తీగ గుండా నడిచి, ఇంకో చోట గాలిలో కలుస్తుంది. ఆ దారిలో ఎక్కడ చెడిందో ముక్కముక్కగా విడదీసి వినాలి. మొదట మానిటర్ తీగ పీకేసి ల్యాప్‌టాప్‌ను దాని సొంత స్పీకర్‌తోనే పలికించమన్నాను. శిక్షణలో ఇచ్చిన పాత రికార్డు ఒకటి పెట్టింది, అందులో రోగుల పేర్లు తీసేసి ఉంటాయట. చిన్న గొంతు, కానీ శుభ్రంగా ఉంది. అంటే పుట్టిన చోట దోషం లేదు.

ఆ తర్వాత హెడ్‌ఫోన్ గుర్తున్న రంధ్రం నుంచి మానిటర్ వెనకకు తీగ కలిపాం. ఎవరో నీళ్ళ అడుగు నుంచి పిలుస్తున్నట్టు వచ్చింది మాట. తీగ మార్చి చూశాను, అంతే. ఛార్జర్ తీసి బ్యాటరీ మీద నడిపించాను. కొన్నిసార్లు కరెంటు నుంచి గుయ్యిమనే హమ్ ధ్వనిలో కలుస్తుంది, అదేమోనని. అదీ కాదు. అప్పుడు వాల్యూమ్ చూశాను. ల్యాప్‌టాప్‌లోనూ ఫుల్, మానిటర్‌లోనూ ఫుల్!

"నిండిన బిందెల మళ్ళ నీళ్ళు పోస్తవా?" అన్నాను.

"సరిగ్గ వినబడక పెంచుకుంట పోయినవ్వా."

దీన్ని ఓవర్‌లోడ్ అంటారు. వచ్చే ధ్వనే పెద్దదైతే, దాన్ని ఇంకా పెంచబోయి లోపలి ఆంప్లిఫయర్ మోయలేదు. మాటల అంచులు విరిగిపోతాయి. ల్యాప్‌టాప్‌లో కొంచెం తగ్గించి, మానిటర్‌లో సగానికి దించాను. పగుళ్ళు చాలావరకు పోయాయి. అమ్మాయి ముఖం వెలిగింది.

"ఆగు. ఇంకా ఉన్నది" అన్నాను.

ఆ డాక్టర్ గొంతు కిందికి దిగినప్పుడల్లా ఒక గరగర. ఎండిన మోదుగాకు విస్తరి మీద బల్లి పాకినట్టు. నాకు ఆ భాష రాదు. ఒక్క ముక్క తెలియదు. అందుకేనేమో గొంతు మాత్రమే వినబడుతుంది నాకు. ఎక్కడో రాత్రి వేళ ఒక మనిషి, అలసిపోయి, మెల్లగా చెప్పుకుంటూ పోతున్నాడు. ఆ గరగర అతని గొంతులోది కాదు. మా వైపుది.

నా పాత ట్రాన్సిస్టర్‌ను ఆ తీగకు తగిలించాను. ఆకాశవాణి పాటలోనూ అదే బల్లి. కాబట్టి ల్యాప్‌టాప్‌కు సంబంధం లేదు. మానిటర్ ఉంచేసి వెళ్ళమన్నాను.

"అవ్వా, ఎల్లుండికల్ల..."

"ఎల్లుండి మాట ఎల్లుండి. అప్పటిదాంక ఆ దోమ గొంతుతోనే చేసుకో. వినబడనిది ఊహించి రాయకు."

మర్నాడు మధ్యాహ్నం దాన్ని బల్ల మీద పెట్టుకుని, వీపు వైపు విప్పకముందు కాసేపు ట్రాన్సిస్టర్‌తో పలికించాను. విప్పేముందు మెషీన్‌ను బాగా వేడెక్కనివ్వడం మా ఆయన నేర్పిన అలవాటు. చల్లగా ఉన్నప్పుడు దాచుకున్న రోగం వేడికి బయటపడుతుందని. గదిలో రేకుల ఎండ జారి వచ్చింది. తెర వెనక దీపం వేడికి మానిటర్ గోరువెచ్చగా అయింది. చెవి దాని కింది అంచుకు ఆనించి కళ్ళు మూసుకున్నాను.

పాట మోగుతుంటే గంధం వాసన వచ్చింది.

కళ్ళు తెరిచి దేవుడి గూడు వైపు చూశాను. అగరొత్తి ఎప్పుడో ఆరిపోయింది. లేచి గడప దాకా వెళ్ళి గల్లీలోకి చూశాను, ఊదు పొగ పట్టే ఫకీరు ఎవరూ లేరు. తిరిగి వచ్చి కూర్చుంటే మళ్ళీ అదే, సన్నగా, పేరంటంలో ఎవరో పక్క నుంచి నడిచి వెళ్ళినట్టు. పాట ఆపాను. కాసేపటికి వాసన తగ్గింది. పెట్టాను. మళ్ళీ వచ్చింది. నా పని బతుకులో కాలిన తీగ వాసన ఎరుగుదును, కరిగిన లక్క వాసన ఎరుగుదును. గంధం వాసనతో పలికిన స్పీకర్ అదొక్కటే.

వీపు విప్పాను. తెర కింద పట్టీకి లోపల రెండు చివరలా రెండు స్పీకర్లు, ఒక్కోటి చిక్కుడుకాయంత. వాటి తీగలు ఊడదీసి నా సొంత స్పీకర్ లోపలి ఆంప్లిఫయర్ బోర్డుకు కలిపితే పాట స్వచ్ఛంగా వచ్చింది. బోర్డు మంచిదే. తర్వాత చిన్న పెన్సిల్ సెల్‌ను ఆ చిన్న స్పీకర్లకు ఆనించాను. మంచి స్పీకరైతే టక్‌మంటుంది. ఇవి చీదినట్టు అన్నాయి. దీపం కిందకి తీసుకుని చూశాను.

కోన్ కాగితం మీద పచ్చగా, పెళుసుగా ఎండిన గంధం. దాని నడుమ ఎర్రటి కుంకుమ. ఎడమ స్పీకర్‌లోనూ అంతే, కుడి స్పీకర్‌లోనూ అంతే. సమానంగా.

అర్థమయ్యాక కాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ముందు వైపు ఆ పట్టీకి జల్లెడలాంటి సన్నటి రంధ్రాలు. ఆయుధ పూజ నాడు మనవాళ్ళు ఏది అన్నం పెడితే దానికి బొట్టు పెడతారు. తరాజుకు, గల్లాపెట్టెకు, కుట్టుమిషన్‌కు. ఈ మానిటర్‌కు కూడా ఎవరో గడపకు పెట్టినట్టు కింది పట్టీకి అటూ ఇటూ గంధం అద్ది కుంకుమ పెట్టారు. మరునాడు తడిబట్టతో తుడిచారు. పైది పోయింది. తడికి మెత్తబడినది రంధ్రాల్లో నుంచి లోపలికి దిగింది. కాగితం అంచున ఒక మడత ఉంటుంది, దాన్ని సరౌండ్ అంటారు, కోన్ ఊగడానికి అదే ఆధారం. గంధం ఆ మడతలో గట్టిపడి కాగితాన్ని ఒక పక్కకు గుంజింది. కాయిల్ వాలి అయస్కాంతానికి రాసుకుంటోంది. మన బల్లి అదే.

ఆ సైజు స్పీకర్లు బజార్లో దొరకవు. దొరికినా నేను కొనను, ఉన్నదానిలో ప్రాణం ఉండగా. దూదికి చుక్క స్పిరిట్ అద్ది గంధాన్ని రేణువు రేణువుగా లేపాను. ఆ పెచ్చులను ఒక కాగితంలో పెట్టి పొట్లం కట్టాను. చిట్లిన మడతకు పల్చటి టిష్యూ పీలిక అంటించాలి. జిగురు ఆరేదాకా కాయిల్ సందు నడుమ నిటారుగా నిలబడాలి, అందుకు నాలుగు పక్కలా సన్నటి ఫిలిం ముక్కలు దూర్చాలి. ఆ ముక్కలు నేను మా ఆయన ఛాతీ ఎక్స్‌రే నుంచి కోస్తాను. ఫిలిం మందం మంచిది, వృథాగా పెట్టెలో పెట్టి ఏం చేసుకోను? ఆయనే ఉంటే నాకంటే ముందు కత్తెర తీసేవాడు. ఆ రోజు కోసిన ముక్కలో పక్కటెముక తెల్లగా మబ్బు తునకలా వచ్చింది. దాన్ని సందులో దూర్చి, గాలి తగలని చోట పెట్టాను. బండి పోయినప్పుడు దండెం మీద కోన్లన్నీ వణికాయి. ఇవి రెండూ కదలలేదు, ఆయన పట్టుకుని ఉన్నాడు.

అనుకున్న రోజు రత్నమాల ఒక్కతే రాలేదు. వెనక అత్తగారు ఉంది. శకుంతలమ్మ. పసుపు రాసిన పాదాలు, నడుముకు తాళాల గుత్తి, చూపులో లెక్క. ఆమెను చూడగానే నా ఈడుదే అనిపించింది, నా గుణమే అని కూడా.

"ఏమక్కా, అయిందా? మా కోడలు మిషన్ ఆగమైందని అన్నం సరిగ్గ తింటలేదు. నువ్వన్న చెప్పు."

రత్నమాల ముఖం పక్కకు తిప్పుకుంది. నేను పొట్లం విప్పి శకుంతలమ్మ అరచేతిలో పెట్టాను.

"ఇది ఏందో చూడు చెల్లే."

ఆమె వాసన చూసింది. "గంధం. అరగదీసిన గంధం ఇది, డబ్బాలది కాదు."

"మీ ఇంటిదేనా?"

ఆమె ఇంకోసారి వాసన చూసి, మానిటర్ వైపు చూసి, నా వైపు చూసింది. అబద్ధం ఆడే మనిషి కాదు. "మా ఇంటిదే" అంది మెల్లగా. "ఆయుధ పూజ నాడు కింద తరాజుకు పెట్టిన, గల్లకు పెట్టిన. గంధం ఇంక మిగిలింది. పైన కోడలు మిషన్ కూడ అన్నం పెట్టేదే కద, దాన్నెందుకు ఇడిచిపెట్టాలె అనిపించింది. మెట్లెక్కి పోయి పెట్టిన. పిల్ల ఇంట్ల లేదు, వచ్చేసరికి శుభ్రంగ ఉండాలని తెల్లారి తుడిచిన గూడ." అంతలో ఆమెకు తట్టింది. "అయ్యో! దాంతోనే గొంతు పోయిందా?"

"దాంతోనే."

ఎండ కోన్ల మీద నుంచి నేల మీదికి జారింది. రత్నమాల అత్తగారి అరచేతిలోని పొట్లం వైపు చూస్తూ, "నా మిషన్‌కు పూజ చేసినవా అత్తమ్మా?" అంది.

"చెయ్యకుంటె ఎట్ల? గల్లకు చేసి దానికి చెయ్యకుంటె దిష్టి తగలదా?"

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పుడేంది? బొట్టు పెట్టి చెప్పుకుంట తిరుగుతరా ఎవరన్న?"

అమ్మాయి కళ్ళు నా మీదికి తిరిగాయి. మొన్న నా దగ్గర ఏమందో నాకూ తెలుసు, తనకూ తెలుసు. నేను చూపు తీగల మీదికి దించుకున్నాను. తనే, నాకు మాత్రమే వినబడేలా, "అవ్వా, అత్తమ్మ ముచ్చట్ల వినబడకున్నా ఖాళీ ఇడవలేదు నేను. నేనే ఊహించి రాసేసిన" అంది.

"దిద్దుకో" అన్నాను. "తీగ కలుపు. వాల్యూమ్ సగం."

శిక్షణ రికార్డు పెట్టింది. గదిలోకి ఆ డాక్టర్ గొంతు వచ్చింది. ఇప్పుడు నీళ్ళ అడుగు నుంచి కాదు, బల్లి లేదు. ఎదుటి అరుగు మీద కూర్చుని చెబుతున్నట్టు వచ్చింది. దిగువకు దిగినప్పుడు ఆ గొంతులో ఉన్న అలసట కూడా వినబడింది. అమ్మాయి వేళ్ళు మీటల మీద ఆగకుండా పరుగెత్తాయి.

"ఎవరాయన? ఏమంటుండు?" అంది శకుంతలమ్మ.

రత్నమాల ఆపి, తెలుగులో చెప్పింది. "ఒక పెద్దాయన దమ్ముతో వచ్చిండట. ఛాతీ ఫోటో తీసిండ్రు. ఊపిరితిత్తులు సాఫుగ ఉన్నయి, గుండె ఉండాల్సినంత ఉన్నది. ఇయ్యాల ఇంటికి పంపిస్తున్నం అంటున్నడు."

బల్ల మీద నేను పొద్దున్నే సందులోంచి లాగి పెట్టిన ఫిలిం ముక్కలు ఉన్నాయి. ఆ పక్కటెముక తునకను దీపానికి ఎదురుగా పట్టి చూశాను. మా ఆయన ఫోటో చూసిన డాక్టర్ ఆ మాట అనలేదు. అయినా ఆ క్షణం, ఎక్కడో ఒక పెద్దాయన చొక్కా గుండీలు పెట్టుకుని, చెప్పులు వేసుకుని, మెల్లగా ఇంటి దారి పట్టడం నాకు కనబడింది. ఆయన నడక నాకు తెలిసిన నడకే.

"జెర మళ్ళ పెట్టు బిడ్డా" అంది శకుంతలమ్మ. ఆమెకు కూడా ఒక్క ముక్క అర్థం కాదు. మళ్ళీ పెడితే చేతులు కట్టుకుని, పురాణం వింటున్నట్టు విన్నది. "పాపం, ఇంటికి పోతుండు" అంది చివర.

లేవబోతూ, "చెవులకు పెట్టుకునేటియి ఉన్నయి కద, అయి పెట్టుకోరాదే ఇగ. నేను పక్కకొచ్చి పిలుస్త" అంది కోడలితో.

"వద్దత్తమ్మా. గిట్లనే మంచిగున్నది."

పోయే ముందు రత్నమాల పొట్లంలోని గంధాన్ని చుక్క నీళ్ళతో తడిపి, పేరంటంలో రాసినట్టు అత్తగారి గొంతుకు రాసింది. శకుంతలమ్మ "ఏందే ఇది, నడి బజార్ల" అని కసిరింది కానీ గడ్డం పైకెత్తి నిలబడింది.

అమ్మాయి పని పోకుండా నిలబడిందని తర్వాత కబురు వచ్చింది. ఖాళీలు దాదాపు లేకుండా పంపిందట. ఒకటి రెండు ఉన్నా అవి నిజంగా వినబడని చోట్లేనట.

ఆ తర్వాత నా దగ్గరికి ఎన్నో గొంతులు చెడిన పెట్టెలు వచ్చాయి. ఇంట్లో ఎవరో పాడు చేశారనే మాట దాదాపు ప్రతి పెట్టెతోనూ వస్తుంది. ఆ మాటను చెప్పులతో పాటు అవతలే విడవమంటాను. ముందు వేడెక్కనిచ్చి, చెవి ఆనించి, ముక్కు కూడా ఆనిస్తాను. లోపల ఏముందో తెలిసేదాకా ఎవరి పేరూ పలకనివ్వను, నా మనసులో కూడా.

మరుసటి దసరా ముందు ఒక మధ్యాహ్నం, కోన్లు వణికిన కాసేపటికి, గడపలో తాళాల గుత్తి చప్పుడైంది. శకుంతలమ్మ ఒక్కతే వచ్చింది, చేతిలో గంధం గిన్నె.

"అక్కా, అరగదీసి తెచ్చిన. ఇది గట్టిగున్నదా, పల్చగున్నదా? ఈసారి ఏడ పెట్టాలె?"

వేలు ముంచి చూశాను. "గట్టిగున్నది. రంధ్రం లేని చోట పెట్టు. కింద అది నిలబడే కాలు ఉంటది చూడు, దానికి పెట్టు."

ఆమె కాస్త ఆలోచించి, తల ఊపింది. "అవును. దేవునికైనా ముందు పాదాలకే కద" అంది. గిన్నె మీద కొంగు కప్పుకుని, తొణకకుండా, ఎండలోకి నడిచి వెళ్ళింది.